ఆట మనది, ఆపే చెయ్యి ఎవరిది?

పబ్జీ నుంచి క్యాండీ క్రష్ దాకా, రమ్మీ నుంచి రీల్స్ దాకా ఫోనులో దొరకనిదంటూ లేదు, ముగింపు తప్ప. ఆ ముగింపును మళ్లీ మన చేతుల్లోకి తెచ్చుకోవడం ఎలా? గోదావరి లంకల నడుమ ఉన్న పి.గన్నవరం నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఎండ వాలగానే పి.గన్నవరం అక్విడెక్టు మీద గాలి అందుకుంటుంది. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలువ. కాటన్ దొర కాలంలో హేగ్ అనే ఇంజినీరు 49 కమానులతో నిలబెట్టిన పాత కట్టడం ఒక పక్క, ఆ తర్వాత కట్టిన కొత్తది ఇంకో పక్క. ఆ దరిదాపుల్లో ఏ గట్టు మీద చూసినా నలుగురు కుర్రాళ్లు వరసగా కూర్చుని కనిపిస్తారు. ఫోన్లు అడ్డంగా తిప్పి ఉంటాయి. బొటనవేళ్లు తెర మీద, చూపు తెర లోపల.

"ఒరేయ్ బావా, నాక్ అయిపోయాను, వచ్చి రివైవ్ చెయ్యెహె" అని ఒకడు.

"ముందు స్మోక్ వెయ్యరా, ఎదరింట్లో స్క్వాడ్ ఉంది" అని ఇంకొకడు.

"జోన్ వచ్చేత్తంది, కారెక్కండి" అని మూడోవాడు.

వాళ్లు ఆడుతున్నది బీజీఎంఐ. ఒకప్పటి పబ్జీకి మన దేశపు రూపం. వంద మంది విమానంలోంచి ఓ దీవిలోకి దూకుతారు. దొరికిన తుపాకీ, హెల్మెట్, మందుల పెట్టె ఏరుకుంటారు. చుట్టూ గీసిన వలయం క్షణక్షణానికీ బిగుసుకుంటూ ఉంటుంది. దాని బయట చిక్కుకుంటే ప్రాణం కరిగిపోతుంది. చివరిదాకా నిలిచిన జట్టుకే 'చికెన్ డిన్నర్'. మొత్తం ఓ అరగంట. చుట్టూ లంకలున్న ఊళ్లో పిల్లలు ఇంకో లంకలోకి దూకి ఆడుకుంటున్నారన్నమాట.

పక్కన నిలబడి చూస్తే ఆ ఆటలో మెచ్చుకోదగ్గది చాలానే ఉంది. పడిపోయినవాడిని లేపడానికి గుళ్ల వానలోకి పరిగెత్తుకొచ్చే స్నేహం ఉంది. ఎవడు ముందు నడవాలో, ఎవడు వెనక కాయాలో గుక్కతిప్పుకునేలోపు తేల్చుకునే తెలివి ఉంది. ఓడితే ఎక్కడ తప్పు చేశామో మాట్లాడుకునే అలవాటు ఉంది. వీడియోగేమ్ అనగానే కుర్రాళ్లు చెడిపోయారని తీర్పు చెప్పే పెద్దలు ఒక్క అరగంట వాళ్ల పక్కన కూర్చోవాలి.

అసలు సంగతి ఆ అరగంట తర్వాత మొదలవుతుంది. మ్యాచ్ అయిపోతుంది. "ఇదే లాస్టు" అని ఇంకొకటి మొదలవుతుంది. దీపాలు పెట్టే వేళ దాటుతుంది. ఇంటి నుంచి ఫోనొస్తుంది. అది ఎత్తితే ఆట పోతుంది కాబట్టి కట్ చేస్తారు. మళ్లీ "ఇదే లాస్టు". ఆట మొదలుపెట్టేది మనమే, సందేహం లేదు. దాన్ని ఆపేది ఎవరన్నదే ఈ తరం ముందున్న ప్రశ్న. ఆ ప్రశ్న కుర్రాళ్లకే కాదు, రాత్రి పన్నెండు దాకా రీల్స్ తోసుకుంటూ పడుకునే తండ్రికీ, మధ్యాహ్నమంతా మిఠాయిలు పేల్చే తల్లికీ కూడా వర్తిస్తుంది.

అయిపోయే ఆటలు

వామనగుంటల పీటకు 14 గుంటలు. చింతపిక్కలన్నీ ఒకరి వైపు చేరిపోతే ఆట సరి. పులిజూదంలో పులులు మేకల్ని తినేసినా సరి, మేకలు పులుల్ని కట్టేసినా సరి. అష్టాచెమ్మాలో కాయలన్నీ నడిమింటికి చేరితే పండినట్టే. బిళ్లంగోడు ఆట పొద్దుగూకితే బిళ్ల కనపడక ఆగిపోయేది. ఈ ఆటల్ని కనిపెట్టినవాళ్లకు మనం ఎంతసేపు ఆడినా ఒరిగేదేమీ లేదు. అందుకే వాటికి తుది ఉంది.

టీవీకి తగిలించే వీడియోగేమ్ పెట్టెలు 1990ల్లో మన ఊళ్లకు చేరాయి. జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కు అవి చాలావరకు నకళ్లు. క్యాసెట్ మీద వేల ఆటలని ముద్ర, లోపల తిప్పితిప్పి అవే మారియో, కాంట్రా. ఆడకపోతే క్యాసెట్ ఊడదీసి నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లు. గంటకింతని తీసుకునే షాపులో టైమ్ అయిపోతే ఓనరు వచ్చి స్విచ్చి కట్టేసేవాడు. ఇంట్లో అయితే నాన్న వార్తల వేళకో, అమ్మ సీరియల్ వేళకో టీవీ ఖాళీ చేయాల్సిందే. ఆ తర్వాత 2003లో నోకియా 1100 వచ్చింది. అందులో పాము తన ఒంటికి తానే తగిలితే ఆట అయిపోయేది.

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. అంతకుముందు ఒక జీబీకి 250 రూపాయల దాకా పెట్టి, నెలంతా చూసిచూసి వాడుకున్న ఇళ్లలోకి రోజుకింత డేటా వచ్చిపడింది. ఏ రోజుది ఆ రోజు అర్ధరాత్రికి మురిగిపోయే డేటా అది. మురిగిపోతుందంటే వాడేయాలనిపించడం మనిషి గుణం. డేటా అయిపోవడమనే చివరి అడ్డు కూడా అలా తొలగిపోయింది.

పేజీ అయిపోవడమనే అడ్డు అంతకు పదేళ్ల ముందే పోయింది. 2006లో అజా రాస్కిన్ అనే అమెరికా డిజైనరు, పేజీకి అడుగన్నదే తగలకుండా కిందికి సాగుతూనే ఉండే పద్ధతిని రూపొందించాడు. దాన్నే ఇన్ఫినిట్ స్క్రోల్ అంటారు. ఈ పద్ధతి జనం సమయాన్ని ఇంతగా మింగేసినందుకు ఆ తర్వాత ఆయనే బహిరంగంగా బాధపడ్డాడు. ఇవాళ మన చేతిలోని రీల్స్, షార్ట్స్ అన్నీ ఆ దారిలో నడిచేవే. పుస్తకానికి చివరి పేజీ ఉంది. సినిమాకు శుభం కార్డు ఉంది. రీల్స్‌కు అదేమీ లేదు.

ఐదు ప్రాణాలు, అరగంట

క్యాండీ క్రష్‌ను దగ్గరగా చూస్తే ఈ వ్యాపారం తీరు మొత్తం అర్థమవుతుంది. ఆటగాడికి ఐదు ప్రాణాలుంటాయి. ఓడినప్పుడల్లా ఒకటి పోతుంది. ఐదూ పోతే ఆట ఆగుతుంది. ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట. పైకి ఇది మంచి కట్టడిలాగే ఉంటుంది. కానీ ఆట ఆగిన చోటనే మూడు దార్లు తెరుస్తారు. అరగంట ఆగు, లేదా స్నేహితుల్ని అడుగు, లేదా డబ్బు కట్టు. ఇంకొక్క ఎత్తు ఉంటే గెలిచేవాళ్లం అనిపించిన ఘడియలోనే, మరో ఐదు ఎత్తులు ఇస్తామని కొనుగోలు బటన్ పైకి లేస్తుంది. ప్రాణాలు నిండాక, వచ్చి ఆడమని ఫోను టింగుమంటుంది. మనం ఆపామనుకున్న ఆట, మనం వేరే పనిలో ఉండగా మళ్లీ తలుపు తడుతుంది.

ఈ ఆట తయారుచేసిన కింగ్ సంస్థను 2016లో యాక్టివిజన్ బ్లిజర్డ్ కొనుక్కుంది. ఆ యాక్టివిజన్‌ను 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సుమారు 6,870 కోట్ల డాలర్లకు కొనేసింది. మైక్రోసాఫ్ట్‌ను 2014 ఫిబ్రవరి నుంచి నడుపుతున్నది సత్య నాదెళ్ల. అంటే పి.గన్నవరంలో ఓ పెద్దావిడ మధ్యాహ్నం నడుం వాల్చి ఆడుకునే మిఠాయిల ఆట, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న తెలుగువాడు నడిపే కంపెనీ ఆస్తి. లోకం ఎంత దగ్గరైందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గేమ్ కంపెనీల్లో రోజూ పొద్దున్నే చూసే లెక్కలు కొన్ని ఉంటాయి. నిన్న ఎంతమంది ఆడారు? కొత్తగా వచ్చినవాళ్లలో మర్నాడు ఎందరు తిరిగొచ్చారు? ఏడో రోజుకు ఎందరు మిగిలారు? ముప్పయ్యో రోజుకు ఎందరు? ఒక్కో మనిషి మీద ఎంత రాబడి? ఆ లెక్కల్లో మన నిద్ర లేదు. పిల్లాడి పరీక్ష లేదు. మొగుడూపెళ్లాల మధ్య ఆగిపోయిన మాట లేదు. దీన్ని నేను కుట్ర అనను. కొలిచేదాన్ని పెంచుకుంటూ పోవడం ఏ వ్యాపారానికైనా సహజం. మనకు విలువైనది వాళ్ల కొలతలోకి రాలేదన్నదే నా ఫిర్యాదు.

రోజూ లాగిన్ అయితే బహుమతి. ఒక్క రోజు తప్పితే వరుస మొదటికి. సీజన్ అయ్యేలోపు పాస్ పూర్తి చేయకపోతే డ్రెస్సులు, తుపాకీ రంగులు దక్కవు. పాత ఆటల్లో ఆడితే సరదా, ఆడకపోతే ఏమీ లేదు. ఇప్పటి ఆటల్లో ఆడకపోతే నష్టం. ఆ నష్టభయమే చాలామందిని ఆట మీద మోజు తీరిపోయాక కూడా తెర ముందు కూర్చోబెడుతోంది.

గుండాట జేబులోకొచ్చింది

జూదం గురించి కోనసీమకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సంక్రాంతి మూడు రోజులూ కొబ్బరితోటల్లో బరులు వెలుస్తాయి. కోళ్ల పక్కనే గుండాట బల్లలు, కోతాట శిబిరాలు. ఆ మూడు రోజుల్లో చేతిలో పంట డబ్బు వదిలించుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. 1974 నాటి జూద నిరోధక చట్టం వద్దంటున్నా, కోర్టులు వద్దంటున్నా ఆ పందేలు ఏటా సాగుతూనే ఉన్నాయి. అయినా ఒకటి మాత్రం నిజం. కనుమ వెళ్లాక బల్ల ఎత్తేస్తారు. నాలుగో రోజు పోగొట్టుకున్నది రాబట్టుకుందామని వెళ్లినా అక్కడ కొబ్బరిమట్టలు తప్ప ఏమీ ఉండవు. ఫోనులో రమ్మీ బల్ల ఏ పండక్కీ ఎత్తరు. రాత్రి రెండింటికి కూడా ఎదుట ఎవరో కూర్చుని ఉంటారు. పోయింది పది నిమిషాల్లో రాబట్టుకోవచ్చని మనసు చెబుతూనే ఉంటుంది. పైగా చూసేవాళ్లు ఎవరూ లేరు. బరిలో పోగొట్టుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, నలుగురూ మందలిస్తారు. దుప్పటి కింద పోగొట్టుకున్నది అప్పులవాళ్లు గుమ్మం ఎక్కేదాకా భార్యకు కూడా తెలియదు.

ఈ వ్యాపారం ఇంతగా పెరగడానికి మూలంలో ఒక తెలుగు కేసు కూడా ఉంది. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. అర్ధశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించాయి. 2023 అక్టోబరు నుంచి కేంద్రం పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ దేశమంతటా ఆపేసింది. నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడిని నేరస్థుడిగా కాక బాధితుడిగా చూసింది ఆ చట్టం. భారత క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు వేయించుకున్న డ్రీమ్11 కూడా ఆ నెలలోనే డబ్బు పోటీలు మానేసింది.

ఇది మంచి చట్టం. ఆటనూ జూదాన్నీ వేరుచేసి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చి, పందేన్ని పక్కకు తోసింది. అయినా అప్రమత్తత తప్పదు. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లు ఒక పేరు మూస్తే ఇంకో పేరుతో వస్తాయి. టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకులు తిరుగుతూనే ఉంటాయి. పోగొట్టుకున్న కుర్రాడు లోన్ యాప్ తలుపు తట్టడం, వాళ్లు ఫోనులోని నంబర్లన్నింటికీ మెసేజీలు పెట్టి పరువు తీయడం రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో విషాదం నింపిందో పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు.

నెట్ ఆగిన మే నెల

అయితే ఫోనే తీసేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నకు కోనసీమ తన సొంత అనుభవంతో జవాబు చెప్పగలదు.

2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్‌నెట్‌కు శ్రీకారం చుట్టింది సఖినేటిపల్లి మండలం మోరిలో. ఆ ఊరివాడైన సోలమన్ డార్విన్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. సొంతూరిని స్మార్ట్ విలేజ్‌గా తీర్చాలని పెద్దపెద్ద టెక్ కంపెనీలను అక్కడికి రప్పించారు. సముద్రానికి దగ్గర్లో, కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య ఉన్న ఆ పల్లెలో ఇంటింటికీ ఫైబర్ తీగ వెళ్లింది. కొత్త కాలం కోనసీమకు ఆలస్యంగా రాలేదు, ముందే వచ్చింది.

ఐదున్నరేళ్ల తర్వాత 2022 మే 24న జిల్లా పేరు గొడవల్లో అమలాపురం తగలబడింది. వాట్సాప్‌లో రెచ్చగొట్టే సందేశాలు తిరక్కుండా జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. వారం దాటింది, కొన్ని మండలాల్లో ఇంకా ముందుకూ సాగింది. అప్పటికి ఇంటి నుంచే పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని, పక్క జిల్లా సిగ్నల్ దొరుకుతుందని గోదావరి గట్లకు పరుగులు తీశారు. కొట్లో చిల్లర లేదు, ఫోన్‌పే లేదు. గేములూ లేవు, రీల్సూ లేవు నిజమే. కానీ వాటితో పాటు జీతం, చదువు, బేరం, దూరాన ఉన్న పిల్లల ముఖం కూడా పోయాయి. మొత్తం మూసేయడం అంటే ఏమిటో ఆ రోజులు చూపించాయి.

ఆ జులైలోనే గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర దాదాపు 26 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. పి.గన్నవరం మండలంలోని లంకలు నీట మునిగాయి. పది లక్షలకు మొదటి హెచ్చరిక, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది అన్న లెక్క ఇక్కడ చిన్నపిల్లలకూ కంఠతా వచ్చు. ఒకప్పుడు దండోరాతోనో రేడియోతోనో తెలిసే ఆ అంకెలు ఇప్పుడు గంటగంటకూ ఫోనులోకి వస్తాయి. భద్రాచలంలో నీటిమట్టం చూసుకుని, తమ లంకకు నీరెప్పుడు చేరుతుందో లెక్క కట్టుకుని గొడ్లను గట్టెక్కించే రైతుకు ఆ ఫోను ఎంతటి అండో వేరే చెప్పాలా? 2025 జనవరి నుంచి ధ్రువీకరణ పత్రాల పని కూడా 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోకే వచ్చింది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి కౌశిక నీళ్లు దాటుతూ వచ్చే ప్రభల్ని ప్రపంచమంతా చూస్తున్నదీ ఈ తెర మీదే.

ఇక ఆటల నిషేధాలు. 2020 సెప్టెంబరులో పబ్జీని కేంద్రం నిషేధించింది. భద్రతా కారణాలు చెప్పి, చైనా సంబంధాలున్న 118 యాప్‌లలో ఒకటిగా తీసేసింది. మరుసటి ఏడాది జులైలో అదే ఆట బీజీఎంఐ అయి తిరిగొచ్చింది. 2022 జులైలో దాన్నీ తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోతే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఉండనే ఉంది. ఈ మధ్యలో పిల్లలు నేర్చుకున్నదల్లా వీపీఎన్ వాడటం.

కాలువకు లాకులు కట్టింది నీళ్లొద్దని కాదు. ఎప్పుడు ఎంత వదలాలో మన చేతిలో ఉండాలని. తెరకు కూడా కావలసింది అదే. బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటల పరిమితి పెట్టింది. మూడు గంటలే ఎక్కువ, ఆరు గంటలు మరీ ఎక్కువ. అయినా ఆటకు ఓ హద్దు ఉండాలని కంపెనీ చేత ఒప్పించడం సాధ్యమేనని తేలింది. చైనా 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారాల్లో రోజుకు గంటే అంది. అంత బిగింపు మన ప్రజాస్వామ్యానికి నప్పదు. మన హద్దు ఇంట్లో పుట్టాలి, చట్టం దానికి దన్నుగా నిలవాలి.

అన్నం ముద్దకు ఫోను

పి.గన్నవరం పక్కనే లంకలగన్నవరం. డొక్కా సీతమ్మగారి ఊరు. వేళాపాళా లేకుండా గోదావరి దాటి వచ్చిన బాటసారికల్లా వండి వడ్డించిన తల్లి ఆవిడ. 1909లో కన్నుమూశారు. ఇవాళ రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకం ఆవిడ పేరుతోనే నడుస్తోంది. అక్విడెక్టుకూ ఆవిడ పేరే. ఎదుటి మనిషి ఆకలి చూసి, మొహం చూసి, ఇంకో ముద్ద తినమని కొసరి పెట్టే సంస్కారం ఈ సీమది.

అలాంటి చోట ఇవాళ ఏడాది పిల్లకు అన్నం పెట్టాలంటే ఎదురుగా గ్లాసుకు ఆనించిన ఫోను ఉండాలి. రంగురంగుల బొమ్మలు పాడుతుంటే పిల్ల నోరు తెరుస్తుంది. ముద్ద లోపలికి వెళ్లిందో లేదో పిల్లకు తెలియదు, పెట్టినవాళ్ల మొహం చూడదు. పాట ఆగితే ఏడుపు. ఆటోప్లే ఉంది కాబట్టి పాట ఆగదు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లుల్ని నిందించడం తేలిక. మామ్మలు, పిన్నులు, మేనత్తలు వంతులవారీగా చంకనెత్తుకునే ఇల్లు ఇప్పుడు ఇద్దరు మనుషుల ఇల్లయింది. వండి, కడిగి, ఉద్యోగానికి పరిగెత్తే ఆడమనిషికి సాయం లేకే ఫోను ఆ పీట మీద కూర్చుంది. దాన్ని అక్కణ్నుంచి లేపాలంటే ఆ చోటులో మనిషి కూర్చోవాలి. తండ్రి కూర్చోవాలి ముందుగా.

ఏది ఇష్టం, ఏది జబ్బు అన్న సందేహం చాలామంది తల్లిదండ్రులది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో గేమింగ్ రుగ్మతకు మూడు గుర్తులు చెప్పారు. ఎప్పుడు ఆడాలో, ఎప్పుడు ఆపాలో పట్టు తప్పడం. తిండి, చదువు, స్నేహాలన్నింటికన్నా ఆటే ముందుకు రావడం. చెడు జరుగుతోందని తెలిసీ ఆపలేకపోవడం. మామూలుగా ఏడాది పాటు ఇలా సాగితేనే రుగ్మత అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లాడికి ఆ ముద్ర వేయొద్దు. మూడు గుర్తుల్లో మొదటిదే 'ఆపలేకపోవడం' అన్నది మాత్రం గుర్తుంచుకుందాం.

ఈ వారమే ఇంట్లో చేయగలిగినవి

• ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి అక్కర్లేనివి రద్దు చేయండి.

• పిల్లల ఫోనుకు గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ పెట్టండి. పిల్లలతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్న గంటే పెట్టండి. చెప్పకుండా పెట్టిన తాళాన్ని తీయడం వాళ్లకు నిమిషం పని.

• మీ ఫోనులోనూ డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, రోజుకు ఎన్ని గంటలు దేని మీద పోతున్నాయో పిల్లల ఎదుటే చూడండి. ఇంట్లో పెద్దలకు లేని హద్దు పిల్లలకు నిలవదు.

• గేమ్‌ల నోటిఫికేషన్లు, యూట్యూబ్ ఆటోప్లే ఆపేయండి.

• "ఇక ఆపు" అనే బదులు "ఈ మ్యాచ్ అయ్యాక లే" అనండి. ఆట నడుమ ఆపితే జట్టు నష్టపోతుంది. ఆ సంగతి మీకు తెలుసని పిల్లాడికి అర్థమైతే మాట వింటాడు.

• ఆన్‌లైన్‌లో డబ్బు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. వ్యసనం, దిగులు, నిద్రలేమి ఉంటే టెలిమానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

తయారుచేసే చేతులూ మనవే

కోనసీమలో ప్రతి వీధికీ ఓ ఇల్లయినా ఉంటుంది, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇల్లు. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం తెరిచింది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. తెర వెనక ఉన్నది ఎవరో తెలియని పరాయివాళ్లు కాదు. మన బీటెక్ పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. ఆ నోటిఫికేషన్ ఏ గంటకు వెళ్లాలో, ఆ బటన్ ఎంత పెద్దగా ఉండాలో, తర్వాతి వీడియో తనంతట తాను మొదలవ్వాలో వద్దో తేల్చే సమావేశాల్లో తెలుగు మాట్లాడేవాళ్లు కూర్చుంటున్నారు. వాళ్లను అడగాల్సిన మాట ఒకటుంది. నాయనా, అమ్మా, ఆ తెర ఇవతల కూర్చున్నది మీ అమ్మే అనుకుని ఆ నిర్ణయం తీసుకోండి. ఉద్యోగంలో అన్నీ మన చేతిలో ఉండవు, నిజమే. కానీ ఒక్క ప్రశ్న లేవనెత్తడం ఎవరి చేతిలోనైనా ఉంటుంది.

కంపెనీల్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి. పిల్లల ఖాతాల్లో ఆటోప్లే, రోజువారీ బహుమతులు మొదటి నుంచే మూసి ఉండాలి. కావాలంటే పెద్దలు తెరుచుకుంటారు. హెచ్చరికలు, తల్లిదండ్రుల నియంత్రణ సెట్టింగులు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఆటలు అమ్మడానికి వచ్చిన తెలుగు, ఆపడానికీ రావాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. నిషేధించడానికి చూపిన చొరవలో సగం, పల్లెల్లో సాయంత్రం ఆరు తర్వాత పిల్లలు వెళ్లడానికి ఒక చోటు కల్పించడానికి చూపాలి. లైట్లున్న మైదానం, తెరిచి ఉన్న గ్రంథాలయం, చదరంగం బల్ల. గట్టు మీద కూర్చున్న కుర్రాడికి వేరే దారి లేనప్పుడు ఫోను పక్కన పెట్టమనడం న్యాయం కాదు.

ఊరి యువజన సంఘాలు కూడా ఆలోచించాలి. పండక్కి క్రికెట్ టోర్నమెంటు పెట్టినట్టే బీజీఎంఐ టోర్నమెంటు పెట్టండి. పందెం లేకుండా, పగటి పూట, పెద్దలు చూస్తుండగా. ఇన్ని మ్యాచ్‌లని ముందే చెప్పి, అయిపోగానే బహుమతులిచ్చి పంపేయండి. దొంగచాటుగా ఆడే ఆట వెలుగులోకి వస్తే దానికి మర్యాదా వస్తుంది, హద్దూ వస్తుంది.

ఆట మంచిదా చెడ్డదా అన్న వాదన ఇక చాలించొచ్చు. ప్రతి ఆటనూ, ప్రతి యాప్‌నూ ఒక్క కొలతతో కొలుద్దాం. నేను ఆపాలనుకున్నప్పుడు ఇది నన్ను ఆపనిస్తుందా? ఆపనిచ్చేదాన్ని ఇంట్లోకి రానిద్దాం, పిల్లలతో కలిసి మనమూ ఆడదాం. ఆపనివ్వనిది ఎంత పెద్ద కంపెనీదైనా బయటే నిలబెడదాం. మంచి ఆటకు మనిషిని కట్టేయాల్సిన అవసరం ఉండదు. హాయిగా లేచి వెళ్లిపోయినవాడు మర్నాడు తనంతట తానే తిరిగి వచ్చి ఆడతాడు.